రెండేళ్ల మాట, డెబ్బై ఏళ్ల మాట

డిసెంబర్ 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన అయ్యాక మన తెలుగు సంఘాల్లో వాగ్దానం కార్డులు పంచుతారు. ఇక్కడ చెన్నైలో పెరంబూరు వైపు పాత సంఘాల్లోనూ అంతే, ఐటీ కంపెనీలున్న ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పక్కన అద్దె హాల్లో కూడుకునే కొత్త సంఘాల్లోనూ అంతే. ఆ కార్డుల మీద తరచుగా కనిపించే వాక్యం యిర్మీయా 29:11. దేవుడు మన గురించి తలపెట్టినవి సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావన్న మాట. తెల్లారేసరికి అది ఎంతోమంది వాట్సాప్ స్టేటస్‌లో ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి కార్డు బైబిల్ అట్టలోనే ఉంటుంది, ఆ రాత్రి గుండెలో పొంగిన సంతోషం మాత్రం కనపడదు.

లోపం వాక్యంలో లేదు. దానికి ముందున్న వచనాన్ని మనం చదవకపోవడంలో ఉంది. పదో వచనంలో దేవుడు డెబ్బై సంవత్సరాలు అంటాడు. ఈ మాటలు యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి పంపిన ఉత్తరంలోవి. ఆ ఉత్తరం అందుకున్నవాళ్లు బబులోనుకు చెరపట్టి తీసుకుపోబడినవాళ్లు. వాళ్లలో నడివయసు వచ్చినవాళ్లు మళ్లీ యెరూషలేము చూడరు. అది తెలిసే దేవుడు ఆ మాట చెప్పాడు.

ఇంకొంచెం వెనక్కి వెళ్లి 28వ అధ్యాయం చదవండి. గిబియోనువాడైన హనన్యా ప్రవక్త దేవాలయంలో, యాజకుల ముందు, ప్రజలందరి ముందు నిలబడి, బబులోనుకు తీసుకుపోయిన దేవాలయపు ఉపకరణాలన్నీ రెండేళ్లలోగా తిరిగొస్తాయి, చెరపట్టబడినవాళ్లూ తిరిగొస్తారు అని ప్రకటిస్తాడు. యిర్మీయా ఏమన్నాడో గమనించండి: ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక అన్నాడు. అతనికీ ఆ కోరిక ఉంది. తర్వాత హనన్యా, బబులోనుకు లోబడాలన్న దానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద ఉన్న కాడి తీసి విరిచేశాడు. జనం కళ్లముందు కాడి పుటుక్కున విరిగితే ఎవరి మనసు పొంగదు? కానీ విరిగింది కొయ్యకాడి. దాని స్థానంలో ఇనుపకాడి వస్తుందని దేవుడు చెప్పాడు. హనన్యా ఆ ఏడే, ఏడో నెలలో చనిపోయాడు. అతని మాట విని మూటలు సర్దుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల సంతోషం ఎంతకాలం నిలిచి ఉంటుందో మీరే ఊహించుకోండి.

దేవుడు పంపిన ఉత్తరంలో చేయవలసిన పనులు ఏమిటంటే: ఇళ్లు కట్టుకొని కాపురముండండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణ క్షేమం కోరి దానికోసం ప్రార్థన చేయండి (29:5-7). ఉత్సాహం రేపే పని ఒక్కటీ లేదు. నాటిన మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. నిలిచే ఆనందం గురించి నాకు అర్థమైనదంతా ఈ రెండు అధ్యాయాల మధ్య ఉంది. క్రీస్తులో తృప్తి అనేది చిన్న పనులు చాలాకాలం చేసే మనిషిలో పెరుగుతుంది. దాన్ని రెండేళ్ల ప్యాకేజీగా ఎవరూ ఇవ్వలేరు.

ఇక్కడ చెన్నైలో ఉన్న మనకు ఇది ఇంకా దగ్గర మాట. నెల్లూరు, ఒంగోలు, గూడూరు నుంచి వచ్చిన కుర్రవాళ్లు చాలామంది "ఇంకో రెండేళ్లు, తర్వాత హైదరాబాద్ వెళ్లిపోతాను" అంటూ ఏ సంఘంలోనూ పేరు నమోదు చేసుకోకుండా ఆరేడేళ్లు గడిపేస్తారు. ఒక ఆదివారం ఈ చర్చి, ఇంకో ఆదివారం ఆ చర్చి, మూడో ఆదివారం యూట్యూబ్. వేరు పట్టనిది కాయదు. వచ్చిన మూడు నెలల్లోపు ఒక సంఘం ఎంచుకోండి, పాస్టర్ గారిని కలవండి, ఊరి సంఘం నుంచి పరిచయ ఉత్తరం తెచ్చివ్వండి. రెండేళ్లకే వెళ్లిపోతే వెళ్లండి, ఆ రెండేళ్లయినా నాటుకొని ఉన్నట్టవుతుంది.

ఉజ్జీవ సభలు, యూత్ రిట్రీట్లు, రాత్రంతా జరిగే ప్రార్థనలు తప్పని నేను అనడం లేదు. కొండ మీద యేసు రూపాంతరం చూసిన పేతురు అక్కడే మూడు పర్ణశాలలు కడదామన్నాడు. ఆ వెలుగు నిజమే, అది దేవుడు చూపించిందే. కాని లూకా 9:37 ప్రకారం మర్నాడే వాళ్లు కొండ దిగారు, దిగగానే దయ్యం పట్టిన పిల్లవాడూ ఏడుస్తున్న తండ్రీ ఎదురొచ్చారు. మన మనసు నిర్మాణమే అలాంటిది. ఎంత గొప్ప అనుభూతికైనా త్వరగా అలవాటు పడుతుంది, మళ్లీ అదే పొంగు కావాలంటే ఈసారి ఇంకా పెద్ద సౌండ్ సిస్టమ్, ఇంకా పేరున్న ప్రసంగీకుడు, ఇంకా గట్టి ప్రవచనం కావాలి. కొత్త ఫోను, కొత్త బండి, ఆన్‌సైట్ అవకాశం విషయంలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. మార్కు 4లో రాతినేలను పడిన విత్తనం గురించి ప్రభువు చెప్పినది ఇదే: వాక్యాన్ని వెంటనే సంతోషంతో అంగీకరిస్తారు, వేరు లేదు కనుక శ్రమ రాగానే అభ్యంతరపడతారు. అక్కడ సంతోషం ఉంది, చూడండి. లేనిది వేరు.

తెలుగు క్రైస్తవ చరిత్రలో దీనికి గట్టి సాక్ష్యం ఒకటి ఉంది, అది ఓఎంఆర్‌కు సమాంతరంగా పారుతూనే ఉంది. బకింగ్‌హామ్ కాలువ. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టాడు. ఏళ్లు గడిచినా ఫలితం పెద్దగా లేకపోవడంతో ఈ మిషన్‌ను మూసేద్దామని 1853లో అమెరికాలో చర్చ జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీలైన జూయెట్ దంపతులు మరి ముగ్గురు తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు కొండెక్కి ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. మనం వాగ్దానం కార్డు తీసుకునే రోజే అది. జవాబుగా మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడింది 1866లో, పన్నెండేళ్లకు.

ఆ తర్వాత 1876-78 కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి పని చూపించాడు. బాప్తిస్మం కావాలని జనం విరగబడ్డారు. ఆయన ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు, ఎందుకంటే ఆకలి తీరాక ఎవరు నిలుస్తారో తెలియాలి. సహాయం పని ముగిసింది, ఇక కూలీ లేదు, గింజలూ లేవు, అయినా జనం వచ్చారు. అప్పుడు 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సభల్లో ఈ అంకె చెప్పి చప్పట్లు కొట్టించేవాళ్లు దాని ముందున్న ఏడాది నిరీక్షణ గురించి చెప్పరు. నాకైతే ఆ నిరీక్షణే గొప్పగా కనిపిస్తుంది. రొట్టెలు తిని తృప్తి పొందడం వల్లే నన్ను వెదకుచున్నారని యోహాను 6:26లో ప్రభువు అన్న మాటను క్లౌ తన బాప్తిస్మం జాబితాల దాకా తెచ్చుకున్నాడు.

ఇక రోజువారీ పని.

సభలు ముగిసిన రాత్రి చాలామంది "రేపటి నుంచి నాలుగింటికి లేచి గంట ప్రార్థన" అని తీర్మానించుకుంటారు. రెండో వారానికి ఆగిపోతుంది. ఆరంభశూరత్వం మన జాతి లక్షణమని పెద్దలు ఊరికే అనలేదు. ఇరవై ఐదు నిమిషాలు పెట్టుకోండి. మూడు నిమిషాలు ఒక కీర్తన, పది నిమిషాలు వాక్యం, అయిదు నిమిషాలు రాసుకోవడం, మిగిలిన ఏడు ప్రార్థన. అమెరికా షిఫ్టు చేసేవాళ్లకు మధ్యాహ్నం రెండింటికి లేచినా అదే ఉదయం. క్యాబ్ వచ్చే టైముకు గంటన్నర ముందు మొదలుపెట్టండి, లేకపోతే డ్రైవర్ ఫోన్‌తో ప్రార్థన తెగిపోతుంది. ఫోను వేరే గదిలో ఉండాలి. బైబిల్ యాప్ మంచిదే, కాని దాని పైనే ఆఫీసు టీమ్స్ మెసేజ్ వచ్చి పడుతుంది, కాబట్టి ఈ ఇరవై ఐదు నిమిషాలకు కాగితం బైబిలే వాడండి.

ఏడాదిలో బైబిల్ మొత్తం చదివే పద్ధతి మనవాళ్లందరికీ తెలుసు: రోజుకు మూడు అధ్యాయాలు, ఆదివారం అయిదు. వారానికి 23, 52 వారాలకు 1,196. బైబిల్లో ఉన్నవి 1,189. అంటే ఏడాది మొత్తంలో మిగులు ఏడు అధ్యాయాలే. రెండు రోజులు తప్పితే అది అయిపోయింది. డెంగ్యూ వచ్చి వారం పడుకుంటే 23 అధ్యాయాల బాకీ. పైగా ఆదికాండము 50, నిర్గమకాండము 40, మొత్తం 90 అధ్యాయాలు అయ్యేసరికి జనవరి చివరి వారం. సరిగ్గా కొత్త సంవత్సరపు ఉత్సాహం చల్లారే సమయానికి లేవీయకాండము ఎదురవుతుంది. చాలామంది అక్కడే ఆగిపోయి, నాకు దేవుడి మీద ఆసక్తి లేదేమో అని కుమిలిపోతారు. ఆసక్తి ఉంది, లెక్కలోనే సందు లేదు.

మొదటి ఏడాదికి కొత్త నిబంధన చాలు. అందులో 260 అధ్యాయాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి చొప్పున 52 వారాలకు సరిగ్గా సరిపోతుంది. శనివారం తప్పిపోయినవి చదువుకోవడానికి, ఆదివారం సంఘంతో. మత్తయి వంశావళితో కాకుండా మార్కుతో మొదలుపెట్టండి, పదహారు అధ్యాయాలే. తర్వాత ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, నాలుగు అధ్యాయాలు. ఆ పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు "నేర్చుకొనియున్నాను" అంటాడు, ఖైదులో ఉండి. సంతృప్తి ఆయనకు దర్శనంలో దిగిరాలేదు, లేమిలోనూ సమృద్ధిలోనూ బతికి నేర్చుకున్నాడు. దాని పక్కనే ఉన్న 13వ వచనాన్ని ఇంటర్వ్యూకు వెళ్లే ముందు చదువుకుంటాం, సరే, ఉద్యోగం రానప్పుడు కూడా అదే వచనం చదవాలి. అక్కడి అర్థం అదే.

అధ్యాయాన్ని ఒకసారి పైకి, ఒకసారి మనసులో చదవండి. నోట్‌బుక్‌లో రెండే వాక్యాలు రాయండి: ఇందులో దేవుడు ఎలాంటివాడని తెలిసింది, ఈరోజు నేను చేయాల్సింది ఏమిటి. నాకు ఇందులో ఏ ఆశీర్వాదం ఉంది అని మొదట వెతికితే సగం బైబిల్ మనకు మూగబోతుంది. ప్రార్థన మనవులు కూడా అదే పుస్తకంలో, ఎడమ పేజీలో తేదీతో మనవి, కుడి పేజీలో ఏం జరిగిందో. కాదన్న జవాబు కూడా రాయండి. పేర్లు నలభై దాటితే ప్రార్థన జాబితా చదవడంగా మారిపోతుంది కనుక రోజుకు కొన్ని పేర్లు చొప్పున వారానికి పంచుకోండి.

చెన్నైలో పెరిగే తెలుగు పిల్లల విషయం వేరే. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం, ఇంగ్లీషు. మన పాత అనువాదపు గ్రాంథిక భాష వాళ్లకు అందదు, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటారు. కుటుంబ ప్రార్థనలో నాన్న తెలుగు బైబిల్ చదువుతుంటే పిల్లలు తమ బైబిల్లో, తమిళమైనా ఇంగ్లీషైనా, అదే వచనం చూసుకోనివ్వండి. ఒక పాట, పది వచనాలు, ఒక్కొక్కరు ఒక్కో వాక్యం ప్రార్థన. పన్నెండు నిమిషాలు దాటకూడదు. కుటుంబ ప్రార్థన చచ్చిపోయేది ఒకే కారణంతో: రాత్రి తొమ్మిదిన్నరకు, నిద్రతో తూలే పిల్లల ముందు, తండ్రి పగలు వాళ్లు చేసిన తప్పులన్నీ ప్రార్థనలో కలిపి చెప్పడం. భోజనానికి ముందు పెట్టుకుంటే సగం సమస్య తీరుతుంది.

ఆదివారం గురించి ఎక్కువ చెప్పను. ఒకటే సంఘం, ఆలస్యం లేకుండా. ప్రభువు బల్ల చాలా సంఘాల్లో నెలకోసారి, మొదటి ఆదివారం ఉంటుంది. ముందు రోజు రాత్రి పది నిమిషాలు 1 కొరింథీయులకు 11:28 ముందు పెట్టుకొని మనల్ని మనం పరీక్షించుకోవాలి. ఎవరితోనైనా మాటలు లేకపోతే మత్తయి 5:23-24 ప్రకారం ఆ రాత్రే ఫోన్ చేయాలి. తమ్ముడితో పొలం పంపకం గొడవ తీరకపోవచ్చు, కాని "ఎలా ఉన్నావురా" అన్న మాట అయినా వెళ్లాలి. బల్ల దగ్గర ప్రతి నెలా అదే రొట్టె, అదే ద్రాక్షారసం, అవే మాటలు. కొత్తదనం ఏమీ ఉండదు. అందుకే అది మన మూడ్ మీద ఆధారపడకుండా నిలుస్తుంది.

గృహ కూడిక లేకుండా పై పనులన్నీ ఒంటరి వ్యాయామం. ఆరుగురి నుంచి ఎనిమిది మంది, పదిహేను రోజులకోసారి, గంటంపావు. అది పాడయ్యే దారులు మూడు. మొదటిది టిఫిన్లు: ఒకరింట్లో ఇడ్లీ వడ, ఇంకొకరింట్లో బిర్యానీ, మూడో ఇంటావిడకు భారమై "ఈసారి మా ఇంట్లో వద్దులే" అంటుంది. టీ, బిస్కెట్లు, అంతే, అని మొదటి రోజే తీర్మానించండి. రెండోది, ప్రార్థన మనవి పేరుతో బయటికి పాకే కబుర్లు. మూడోది కనిపించనిది. మనవులన్నీ వీసా, పెళ్లి సంబంధం, ఇంటి లోను దగ్గరే తిరుగుతాయి. వాటికోసం తప్పకుండా ప్రార్థించాలి. దాంతోపాటు, ఈ పదిహేను రోజుల్లో నీకూ దేవుడికీ మధ్య ఎలా ఉంది అని ఒక్కొక్కరినీ అడగండి. మొదటి రెండు కూడికల్లో ఎవరూ నోరు విప్పరు. కూడిక నడిపే అన్న గానీ అక్క గానీ ముందు తన గురించి నిజం చెబితే తర్వాత మిగతావాళ్లు మాట్లాడతారు.

సేవ విషయంలో చెన్నై తెలుగు విశ్వాసి చేతిలో ఒక ప్రత్యేకమైన తలాంతు ఉంది: రెండు భాషలు. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వైద్యం కోసం ఎంతోమంది ఈ ఊరికి వస్తారు. రోగి లోపల, తోడు వచ్చిన పెద్దాయన బయట, చేతిలో తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉన్న కాగితం, ఏ కౌంటరుకు వెళ్లాలో తెలియదు. నెలకు ఒక శనివారం, నాలుగు గంటలు, మీ సంఘం ద్వారా తెలిసిన ఒక కుటుంబానికి తోడుండండి. చేతిలో పెన్ను, తెల్లకాగితాలు, ఫోన్ చార్జరు, చిల్లర ఉండాలి. డాక్టరు చెప్పింది తెలుగులో పెద్ద అక్షరాలతో రాసివ్వండి: ఏ మాత్ర, ఎప్పుడు, తిన్నాకా తినకముందా, మళ్లీ ఎప్పుడు రావాలి. రాసింది వాళ్ల చేత తిరిగి చెప్పించుకోండి. దగ్గర్లో తక్కువ అద్దెకు గది, రక్తం అవసరమైతే ఎవరిని అడగాలో ముందే కనుక్కొని ఉంచుకోండి. మీ సొంత వైద్యం చెప్పొద్దు, "మందులు ఆపేసి విశ్వసించండి" అన్న మాట నోట రానివ్వొద్దు. ప్రార్థన చేయమంటారా అని అడిగి, అవునంటేనే చేయండి, వద్దంటే కాఫీ తెచ్చివ్వండి. స్టేటస్‌లో ఫోటో పెట్టకండి. పట్టణ క్షేమం కోరమని యిర్మీయా రాసిన మాట ఇలాంటి చోట చేతికి తగులుతుంది. మనసు బరువుగా ఉన్న వారంలో వెళ్లినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు ఆ బరువు గురించి మరిచిపోవడం మామూలుగా జరిగేదే.

ఉపవాసం శుక్రవారం ఒక పూటతో మొదలుపెట్టవచ్చు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా పూట మానకూడదు, షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. వాళ్లు భోజనం బదులు ఫోను మానవచ్చు. మిగిలిన భోజనం డబ్బు ఆకలిగొన్నవాడికి చేరితేనే యెషయా 58 నెరవేరినట్టు. కానుకను విత్తనమని చెప్పి నూరంతల పంట లెక్కగట్టే బోధకు దూరంగా ఉండండి. అది హనన్యా కాడి విరిచినట్టే ఉంటుంది.

ఇవన్నీ చేస్తున్నా ఎండిన నెలలు వస్తాయి. నోట్లో ప్రార్థన రాదు, పాట పాడుతుంటే పెదవులే కదులుతాయి. కర్మెలు కొండ మీద అగ్ని దిగడం (1 రాజులు 18) చూసిన ఏలీయా ప్రవక్త, తర్వాతి అధ్యాయంలోనే బదరీవృక్షం కింద కూర్చొని చావు కోరుకున్నాడు. దేవుడు అతన్ని గద్దించలేదు. పడుకోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ తినమన్నాడు. ప్రసంగం తర్వాత. కాబట్టి మొదట నిద్ర చూసుకోండి. రాత్రి షిఫ్టులో నెలల తరబడి అయిదు గంటలు నిద్రపోయే మనిషికి వాక్యం చప్పగా అనిపిస్తే అది ఆత్మీయ పతనం అనుకోనక్కర్లేదు. రెండు వారాలకు పైగా రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఆకలి, నిద్ర చెడడం ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. 14416 అనే టెలి మానస్ ప్రభుత్వ హెల్ప్‌లైన్‌లో తెలుగులోనూ మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే చెప్పండి. మందు వేసుకోవడం విశ్వాసం తగ్గడం కాదు.

దిగులు లేదు, ఆరోగ్యం బాగానే ఉంది, మనసు మాత్రం పొడిగా ఉంది అంటే, ఇరవై ఐదు నిమిషాలను పదికి తగ్గించండి, మానకండి. అధ్యాయం వదిలి 13వ కీర్తన తీసుకోండి. ఆరే వచనాలు, ఎన్నాళ్లు అన్న ప్రశ్న నాలుగుసార్లు. దాన్నే మీ ప్రార్థనగా రోజూ పైకి చదవండి. ఇంకా చీకటిగా ఉంటే 88వ కీర్తన ఉంది, అది చీకటిలోనే ముగుస్తుంది, అయినా దేవుడి గ్రంథంలో ఉంది. సంఘం మార్చడం, ఉద్యోగం మార్చడం, కొత్త ప్రవక్త కోసం వెతకడం లాంటి నిర్ణయాలు ఆ నెలలో తీసుకోకండి. తర్వాతి గృహ కూడికకు వెళ్లి, "నాకు ప్రార్థన రావడం లేదు, మీరే చేయండి" అని చెప్పండి. మార్కు 2లో పక్షవాతపు మనిషి ఒక్క మాటా మాట్లాడలేదు. నలుగురు మోసుకొచ్చారు, పైకప్పు విప్పి దించారు, యేసు వాళ్ల విశ్వాసం చూశాడు. కూడికలో అందరి ముందు అనలేకపోతే, శనివారం సాయంత్రం లోపల పాస్టర్ గారికి ఫోన్ చేయండి, ఆదివారం ఆరాధనకు ముందు ఒక పది నిమిషాలు మీతో కూర్చోమని అడగండి.